నంబరు చెప్పండి, పాడదాం

తెలుగు సంఘమా, నీ మీద ఒక కీర్తన కడదామని కూర్చున్నాను. రాగం నాకింకా పట్టుబడలేదు. తాళం నీ అరచేతుల్లోనే ఉంది కదా, నువ్వే వెయ్యి.

మెదకులో నీకు 173 అడుగుల గోపురం ఉంది. పల్నాటి పల్లెలో వేపచెట్టు పక్కన రేకుల షెడ్డు ఉంది. హైదరాబాదు శివార్లలో పెళ్లి లేని ఆదివారం అద్దెకు దొరికే ఫంక్షన్ హాలుంది. రాత్రి రిసెప్షన్ తాలూకు బంతిపూలు ఊడ్చేసి, పొద్దున అదే వేదిక మీద ప్రభువు బల్ల పరుస్తావు. నీలో లూథరన్లున్నారు, బాప్టిస్టులున్నారు, సీఎస్ఐ వాళ్లున్నారు, బ్రదరన్ వాళ్లు, హెబ్రోను వాళ్లు, బైబిలు మిషను వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు, ఎవరి కిందా లేమనే ఇండిపెండెంట్లు ఉన్నారు. బల్ల దగ్గర ఒకరినొకరు కలుపుకోనివాళ్లూ ఉన్నారు. బాప్తిస్మం చిలకరించాలా ముంచాలా అని తాతల నాటి నుంచి తగువు పడుతున్నవాళ్లూ ఉన్నారు. ఇంతమందిని ఒక కప్పు కిందికి తేవడం ఏ బిషప్ వల్లా కాలేదు. చావింట్లో తెల్లవారుజామున ఒక ముసలమ్మ గొంతెత్తిందంటే మాత్రం, చుట్టూ కూర్చున్న అందరికీ రెండో చరణం వచ్చు. నిన్ను నడిపేదెవరని అడిగితే నేను చూపించేది ఆ గొంతునే.

నీ పుట్టుక కథ దొరల పుస్తకాల్లో దొరల పేర్లతో మొదలవుతుంది. 1805లో లండన్ మిషను వాళ్లు ఇద్దరు, క్రాన్, డెగ్రాంజెస్, విశాఖపట్నంలో దిగారు. ఐదారేళ్లలో ఇద్దరూ కన్నుమూశారు. డెగ్రాంజెస్ పక్కన కూర్చుని సువార్తల్ని తెలుగు చేసిన ఆనందరాయరు పేరు ఇప్పుడు ఎంతమంది తలుస్తారు? ఆ పనికి 1812లో శ్రీరాంపూరులో అచ్చుయోగం పట్టింది. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు గోదావరి సీమకు చేరారు. 1842లో హయ్యర్ గుంటూరు వచ్చాడు. బడిలో అప్పజెప్పే తారీఖులివి. వాటికో నమస్కారం పెట్టి నేను గుండ్లకమ్మ ఒడ్డుకు పోతాను.

ఆ సీమలో ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోలు పని చేసే మాదిగ. 1866లో బాప్తిస్మం పొంది, తన పని మానకుండానే ఊరూరా తాను విన్నది చెప్పుకుంటూ తిరిగాడు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా 1899లో ఈ మనుషుల గురించి ఒక పుస్తకం రాసింది. దానికి ఆమె పెట్టిన పేరు చెప్పులు కుట్టడం మీదే. పేరు బాగా కుదిరింది. నీ మొదటి వేదపాఠశాల గుడిసె ముందరి అరుగు. అక్కడ చేతిలో ఆరె ఉంది, ఒళ్లో తోలుముక్క ఉంది, నోట్లో కథ ఉంది. ఎదురుగా తెగిన చెప్పు కుట్టించుకోవడానికి వచ్చినవాడు ఎటూ పోలేడు, పని అయ్యేదాకా వినాల్సిందే.

తర్వాత ధాత కరువు వచ్చింది. జనం రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గంపలు దించి నీడకు చేరిన వాళ్ల మధ్య నీ ఉపదేశులు కూర్చుని మాట్లాడారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే, కరువు కూలి నడిచినంత కాలం క్లౌ ఇవ్వనన్నాడు. గంజి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఆపాడు. సాయం ముగిసింది, జనం మాత్రం పోలేదు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. క్లౌ నీళ్లలోకి దిగలేదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, సాయంత్రం దాకా ముంచి లేపారు. ఆ రాత్రి వాళ్ల భుజాలకు ఎవరు కొబ్బరినూనె రాశారో ఏ రిపోర్టూ రాయలేదు. నా స్తోత్రంలో ఆ భుజాలకో చరణం ఉంటుంది.

ఇక నీ పాట దగ్గరికి వస్తాను, తొందర లేదు.

దొరలు తమ పియానో వరసల్ని తెచ్చారు. వాటిలో తెలుగు మాటల్ని కుక్కి పాడించారు. దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం, హ్రస్వం చోట దీర్ఘం. నువ్వు వినయంగానే పాడావు, కాని నాలుక మీద నిలవలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వచ్చాక గాని నీ గొంతు విడిపోలేదు. 1833లో బాప్తిస్మం పొందిన ఆయన 1890 దాకా బతికి, మన కర్ణాటక రాగాల్లో పల్లవి, అనుపల్లవి, చరణాలతో యేసును పాడాడు. ఆయన దారిలో ఇంకెందరో నడిచారు. అన్నీ కలిసి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అయ్యాయి. ఆ పుస్తకం తెరిస్తే ప్రతి పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. కచేరీ సభల గడప తొక్కనివ్వని వాడల్లోకి శంకరాభరణం ఈ పుస్తకంతో నడిచి వచ్చింది. పొలంలో నాట్లు వేసే అమ్మకు తాను పాడేది ఏ రాగమో తెలియదు. ఆమె నడుం వంచి పాడుతుంటే రాగానికి ఆమె తెలుసు.

చదువు రాని వాళ్ల జ్ఞాపకం ఎంత పెద్ద బీరువా! పుస్తకం తెరవకుండా నంబరు చెబితే పాట అందుకునే అవ్వలు నీకు ప్రతి ఊళ్లో ఉన్నారు. “నంబరు చెప్పండి, పాడదాం” అంటాడు ముందు నిలబడ్డ సంఘపెద్ద. వెనక చాప మీంచి ఎవరో ఒక అంకె విసురుతారు. హార్మోనియం పెట్టె శ్రుతి వెతుక్కునే లోపే పాట సగం దూరం వెళ్లిపోయి ఉంటుంది. కంజిర దాని వెంట పరుగెత్తుతుంది. తాళాలు ఒక్కో చోట ఒక్కో లెక్కలో పడతాయి. ఆ గందరగోళంలో ఒక పసివాడు నిద్రపోతుంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత వాడు ఏ దేశంలో ఉన్నా ఆ పాట మొత్తం వాడికి వచ్చే ఉంటుంది. ఎప్పుడు నేర్చుకున్నాడో వాడికే తెలియదు.

డప్పు సంగతి వేరు. జాతరలో కొట్టిన వాద్యం గుడిలోకి రాకూడదని, కొట్టేవాళ్లే దాన్ని అటక మీద పెట్టారు. ఆ చేతులకు వచ్చిన ఒకే ఒక్క విద్యను పాపమని మాన్పించడం నీ చరిత్రలో నాకు మింగుడుపడని ముద్ద. అయితే డప్పు ఊరుకుంటుందా? క్రిస్మస్ రాత్రి వెదురు బద్దల నక్షత్రం వీధిలోకి బయల్దేరగానే, అది అటక దిగి ముందు నడిచింది.

ఇప్పుడు కీబోర్డు వచ్చింది. ప్యాడ్ వచ్చింది, బేస్ గిటార్ వచ్చింది. చెవుల్లో చిన్న స్పీకర్లు పెట్టుకున్న కుర్రాళ్లు, కళ్లు మూసి చెయ్యెత్తే వర్షిప్ లీడర్, వెనక ఎల్ఈడీ తెర వచ్చాయి. తెర మీద తెలుగు పాట ఇంగ్లిషు అక్షరాల్లో పరుగెడుతుంది. పాట వచ్చి లిపి రాని పిల్లలు దాన్ని చదివి పాడతారు. కీర్తనల కాలంలో లిపి రాకపోయినా పాట నిలిచింది కాబట్టి, ఇందులో నాకు ప్రళయమేమీ కనిపించడం లేదు. పేచీ వేరే చోట ఉంది. వేదిక మీద ధ్వని పెరిగే కొద్దీ చాప మీద ధ్వని తగ్గుతోంది. ట్రాక్ ముందే రికార్డు చేసి పెట్టాక, అవ్వ రెండో చరణం దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే పాట ఆమె కోసం ఆగదు. ప్రతి కొత్త సంవత్సరానికీ కొత్త ఆల్బమ్ విడుదలవుతుంది, మార్చి నాటికి పాతబడుతుంది. కీబోర్డు మీద నాకు కోపం లేదు. దానిలో ఒక్క మీట నొక్కితే దానంతటదే మోగే తాళం మీద ఉంది. తాళం మనుషులు వెయ్యాలి, తప్పినా సరే. ఈ మాట అంటే యూత్ వాళ్లు నవ్వుతారు. నవ్వనీ, వాళ్లే రాత్రి రెండింటిదాకా ప్రాక్టీసు చేసి, పొద్దున ఎనిమిదింటికి స్పీకర్లు మోసుకొచ్చి, ఆరాధన అయ్యాక వైర్లు చుట్టేవాళ్లు. గుడి ఊడ్చే సేవ ఎంతో ఇదీ అంతే.

నిన్ను నడిపినవాళ్ల సంగతికి వస్తే, మొదట నా కళ్లకు కట్టేది ఉపదేశి. ఐదు వాడలకు ఒక్కడు. పగలు పిల్లలకు పలక మీద ఓనమాలు, రాత్రి లాంతరు వెలుగులో పెద్దలకు అక్షరాలు, ఆదివారం ప్రసంగం, మధ్యలో జబ్బులు, చావులు, పోలీసు స్టేషన్లు, కరణం దగ్గరికి అర్జీలు. జీతం రూపాయల్లో కొంత, గింజల్లో కొంత, తక్కినది మాటల్లో. ఊరి బడి తలుపు మూసిన పిల్లల్లో డాక్టర్లూ కలెక్టర్లూ ఆ పలకల మీంచే లేచారు. అతని బొమ్మ ఏ ఫ్లెక్సీ మీదా లేదు.

తర్వాత అజరయ్య. తిరునల్వేలి నుంచి తెలుగు ముక్క రాకుండా 1909లో దోర్నకల్లు వచ్చిన తమిళుడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, స్నేహం కూడా ఇవ్వండని తెల్లవాళ్లను వాళ్ల గడ్డ మీదే అడిగిన మనిషి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. బాప్తిస్మం పొందిన ప్రతివాడి చేతా సొంత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. అంటే గొర్రెల కాపరిని ఒక్కణ్ణి నియమించి ఊరుకోలేదు, మందకంతటికీ పని చెప్పాడు. 1939 ఎపిఫనీ నాడు ఆయన ప్రతిష్ఠించిన దోర్నకల్లు గుడిలో మంటపపు స్తంభాలూ ఉన్నాయి, గుమ్మటాలూ ఉన్నాయి. లోపల నిలబడితే ఇది ఏ సీమ నుంచి దిగుమతి అయిందన్న అనుమానం రాదు.

మెదకు గుడి సంగతి అందుకు పూర్తిగా ఎదురు. మిషనరీ పోస్నెట్ కట్టించిన ఆ గాథిక్ కొండ 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం ఇంగ్లండు చేతులు వేసినవి. కాని కరువు రోజుల్లో ఆ రాళ్లు మోసి పూట గడుపుకున్నది మెదకు సీమ జనం. నూరేళ్లయినా క్రిస్మస్ నాడు బస్సులు కట్టుకుని వచ్చేవాళ్లలో ఎందరో ఏ మతం రిజిస్టరులోనూ లేనివాళ్లు. కొబ్బరికాయ తెచ్చేవాళ్లూ ఉంటారు. నువ్వు వాళ్లను వెనక్కి పంపలేదు, అది నీ గొప్పతనం.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సంయుక్త సంఘం వాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, అయితే లోకమంతా ఆశ్చర్యపోయింది. లూథరన్లూ బాప్టిస్టులూ గడప ఇవతలే ఉండిపోయారు. ఆ లోపు, ఎవరి అనుమతీ అడగకుండా, రెండు కొత్త ఏర్లు పుట్టాయి. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను అన్నారు. పంజాబు సిక్కు ఇంట పుట్టిన భక్తసింగ్ 1941లో మద్రాసులో ఒక సహవాసం మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదు గోల్కొండ క్రాస్‌రోడ్స్ హెబ్రోనును ఇల్లు చేసుకున్నాడు. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుని, గంటల తరబడి ఆరాధన. జీతగాడైన పాదిరి లేడు, లేచి ప్రార్థన చేసే ప్రతి సహోదరుడూ ఆరాధనలో భాగం. తర్వాత ప్రేమవిందు, కలెక్టరూ కూలీ ఒకే వరసలో, ఒకే విస్తరిలో ఒకే సాంబారు. ఏ ఐక్యతా ఒప్పందం మీదా సంతకం పెట్టకుండా జరిగిన ఐక్యత అది. సహోదరీలకు మాత్రం ముసుగు ఉంది, మాట లేదు. అది కూడా చెప్పాలి.

ఇవాళ్టి నాయకుల సంగతి క్లుప్తంగా చెప్పి తప్పుకుంటాను. ఊరి మలుపులో ఫ్లెక్సీ మీద కోటు వేసుకున్న దైవజనుడు, పక్కన ఆయన సతీమణి, కింద సూట్లలో కొడుకులు. తండ్రి తర్వాత పీఠం కొడుకుదే. పాత మిషనుల్లో ఎన్నికలున్నాయి, ప్యానెళ్లున్నాయి, కోర్టు స్టేలున్నాయి, మిషను కాంపౌండులో షాపింగ్ కాంప్లెక్సులున్నాయి. ఏ ఏర్పాటు మేలని అడిగితే నా దగ్గర జవాబు లేదు. లెక్కల పుస్తకం ఎవరికైనా చూపించే పాస్టరు, పేరు ఏదైనా గాని, నాకు బిషప్పే.

అమ్మా, నీ ఆడవాళ్ల దగ్గర కాసేపు కూర్చోనివ్వు.

బైబిలు స్త్రీలు నడిచిన దారులకు మైలురాళ్లు లేవు. ఎక్కువమంది వితంతువులు. తెల్లచీర, చేతి సంచిలో ఒక సువార్త, ఒక వాచకం. మగ మిషనరీ గడప దాటలేని ఇళ్లలోకి వెనక వాకిట్లోంచి వెళ్లి, రుబ్బురోలు దగ్గర కూర్చుని అక్షరం నేర్పారు. వాళ్ల వెనక పాస్టరమ్మలు వచ్చారు. వాళ్లకు జీతం లేదు, పదవి లేదు, సెలవు లేదు. సండే స్కూలు ఆమెదే, స్త్రీల కూటం ఆమెదే, నెలలు నిండిన కోడలి పక్కన రాత్రి కూర్చునేదీ ఆమే. ఆదివారం పాస్టరుగారు చెప్పిన ప్రసంగానికి వారమంతా కాళ్లూ చేతులూ ఆమె. అన్నం వండేముందు ఎసట్లోకి పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసిన స్త్రీలు, ఆ కుండలతో ఎన్నో గుళ్లకు కప్పు వేశారు.

సీఎస్ఐ స్త్రీలకు గురుత్వం ఇవ్వడానికి 1976లో ఒప్పుకుంది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్ అయింది. దేశంలోని పెద్ద సంఘాల్లో మొదటి మహిళా బిషప్ మన రాయలసీమ తల్లి. 1947లో ఐక్యసంఘంలో చేరకుండా చాలా ఏళ్లు బయట నిలబడ్డ నంద్యాలే ఈ తలుపు ముందు తీసింది. చరిత్రకు ఇలాంటి చిలిపితనం అప్పుడప్పుడూ ఉంటుంది. ఆ తర్వాత తలుపు బార్లా తెరుచుకుందని మాత్రం అనలేను. ఆదివారం చాపల మీద ఆడవాళ్లు, కమిటీ గదిలో కుర్చీల మీద మగవాళ్లు. లెక్క ఎప్పుడు సరిపోతుందో చూడాలి.

నీకు రెండు పేర్లున్న సంగతి కూడా పాడాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, క్రీస్తును ఒప్పుకున్న దళితుడు దళితుడు కాడంది. తర్వాత సిక్కులను, బౌద్ధులను కలుపుకున్న ఆ జాబితా నిన్ను ఇప్పటికీ బయటే నిలబెట్టింది. మన దగ్గర బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషను మిగిలింది. అందుకని నీ బిడ్డకు బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. వాళ్లను అబద్ధికులనేవాళ్లు, పేరు మార్చుకున్నంత మాత్రాన ఊరి బావి దగ్గర వాళ్లను ఎవరు ఎలా చూశారో కూడా చెప్పాలి. పోనీ నీ లోపలైనా అంతా ఒక్కటేనా? మాలపల్లె గుడి, మాదిగపల్లె గుడి, మధ్యలో కేకేస్తే వినబడే దూరం. రెండు గుళ్లలోనూ ఒకే పుస్తకం, అదే నంబరు, అదే కీర్తన. రెండు పాటలు గాలిలో కలుస్తున్నా మనుషులు పెళ్లిపీటల మీద కలవరు. నిన్ను పొగడడానికి కూర్చున్నవాణ్ణి, అయినా ఇది దాచి పొగడలేను.

కువైటులో నీ ఆదివారం శుక్రవారం వస్తుంది. అక్కడ సెలవు ఆ రోజే. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికి వెళ్లిన అక్కలు, డ్రైవర్లుగా వెళ్లిన తమ్ముళ్లు, యజమాని ఒప్పుకున్న రెండు మూడు గంటల్లో బస్సు పట్టుకుని, అమెరికన్ మిషను నాటి పాత ఆవరణకు చేరతారు. అక్కడ ఒక గదిలో తమిళం, ఒక గదిలో మలయాళం, ఒక గదిలో అరబ్బీ, గోడ ఇవతల మనం. గడియారం చూసి పాడాలి, తర్వాతి భాషవాళ్లు బయట నిలబడి ఉంటారు. పాట మొదలయ్యాక ఎవరో ఒక అక్క ఫోను పైకి పట్టుకుంటుంది. ఊళ్లో ఆమె కూతురు వీడియో కాల్‌లో ఉంది. డాలస్‌లో, న్యూజెర్సీలో వేరే కథ. అక్కడ తల్లిదండ్రులకు తెలుగు ఆరాధన, పిల్లలకు పక్క గదిలో ఇంగ్లిషు సండే స్కూలు. నువ్వు ఆ రెండు గదుల మధ్య నడవాలో నిలబడి రెండు చెవులతో వింటున్నావు. ఏ గది నిన్ను దక్కించుకుంటుందో ఇంకా తేలలేదు.

2020 లాక్‌డౌన్‌లో మట్టల ఆదివారం మట్టల్లేకుండా వెళ్లిపోయింది. ఏప్రిల్ 12న ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలగలేదు. సున్నం వేయని సమాధుల దగ్గరికి వెళ్లలేక, డాబాల మీద నిలబడి పాడావు. ఒక వీధిలో మూడు డాబాలు, మూడు సంఘాలు, ఒక్క పాట. ప్రసంగం వాట్సాప్‌లో వచ్చింది, ఉపవాస ప్రార్థన కాన్ఫరెన్స్ కాల్‌లో జరిగింది. మ్యూట్ చెయ్యడం తెలియని పెద్దమ్మల ఇళ్లలోంచి కోళ్ల కూతలు, కుక్కర్ విజిళ్లు వినబడ్డాయి. అది నీ జీవితంలో అతి నిజాయితీగల ఆరాధన అని నా అభిప్రాయం. అప్పుడు మొదలైన యూట్యూబ్ లైవ్ ఇప్పటికీ నడుస్తోంది. మంచం పట్టినవాళ్లకు అది వరం. బద్ధకస్తులకూ వరమే అయి కూర్చుంది.

ఇన్ని చెప్పాను కదా, నీ పండుగల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఏదని అడగవేం? గుంటూరు గుడారాల పండుగ కాదు, జనవరిలో బైబిలు మిషను మహాసభల జనసముద్రమూ కాదు. ఊళ్లో జరిగే కోత పండుగ. బలిపీఠం ముందు ధాన్యం బస్తాలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు, ఒక మేక, స్టీలు గిన్నెలో ఎవరో తెచ్చిన అరిసెలు. ఆరాధన అయ్యాక వేలం మొదలవుతుంది. సంఘపెద్ద చెయ్యి పైకెత్తి గుమ్మడికాయ చూపిస్తాడు. యాభైతో మొదలై, వంద దాటి, రిటైరైన టీచరుగారు రెండు వందలకు పాడి, డబ్బు చెల్లించి, కాయను మళ్లీ ప్రభువు కానుకగా వేలానికే ఇచ్చేస్తాడు. ఇంకొకరు పాడతారు, వాళ్లూ ఇచ్చేస్తారు. అదే గుమ్మడికాయ అర డజను చేతులు మారుతుంది. డబ్బా నిండుతుంది, కాయ అక్కడే ఉంటుంది. ఈలోగా కోడి కట్లు తెంచుకుని ఆడవాళ్ల చాపల మీదుగా పరుగు, దాని వెనక సండే స్కూలు మొత్తం పరుగు, పాస్టరుగారు మైకులో “నెమ్మది, నెమ్మది, పిల్లలూ” అనడం. ఆ గొడవలో వెనకనుంచి ఒక అవ్వ, కొంగు ముడి విప్పి ఇరవై రూపాయల నోటు తీసి, కోడి పట్టుబడినా పట్టుబడకపోయినా తన పాట ఇరవై అని రాసుకోమంటోంది. రాసుకోరేం, అయ్యగారూ? ఆమె రెండుసార్లు చెప్పింది!